బడి ముగిశాక ఏంటి? వైకల్యం ఉన్న విద్యార్థులను పెద్దల జీవితంలోకి నడిపించే ప్రణాళిక, అంచనా

బడి నడిచినన్నాళ్లూ వైకల్యం ఉన్న విద్యార్థికి కావలసినవి చాలావరకు ఒకేచోట దొరుకుతాయి. టీచరు, థెరపీ, రవాణా, స్నేహితులు, రోజుకో క్రమం అన్నీ అక్కడే. ఆఖరి పరీక్షతో అవన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. ఇక అక్కడి నుంచి చదువు ఒకచోట, ఉద్యోగం ఇంకోచోట, వైద్యం మరోచోట. ఎవరూ పిలిచి ఇవ్వరు, ఒక్కొక్కటీ అడిగి తెచ్చుకోవాలి. చాలా కుటుంబాలకు ఈ సంగతి ఆఖరి ఏడాదిలో గానీ అర్థం కాదు. అప్పుడు టెన్షన్‌లో ఏ కోర్సు దొరికితే అందులో చేర్చేస్తారు, లేదంటే ఇంట్లోనే ఉంచేస్తారు. ఆ పరిస్థితి రాకుండా చూడటానికే ట్రాన్సిషన్ ప్లాన్, అంటే బడి నుంచి పెద్దల జీవితంలోకి మారడానికి ముందే రాసుకునే ప్రణాళిక.

పని మొదలుపెట్టే ముందు ఒక ప్రశ్నను సరిచేసుకోవాలి. "మావాడు ఇంకా సిద్ధంగా లేడు" అనే మాట టీచర్ల నోటా, తల్లిదండ్రుల నోటా తరచూ వింటాం. సిద్ధమయ్యాకే బయటికి పంపాలనుకుంటే కొందరి విషయంలో ఆ రోజు ఎప్పటికీ రాదు. "ఏ సాయం ఉంటే ఈ పని చేయగలడు?" అని అడగండి. ఆ సాయం ఒక ఫోన్ అలారం కావచ్చు, ఒక మనిషి కావచ్చు, ఒక ర్యాంపు కావచ్చు, అరగంట అదనపు సమయం కావచ్చు. కింద చెప్పే ప్రతి మెట్టులోనూ మనం వెతికేది ఈ జవాబునే.

1. పద్నాలుగో ఏటనే మొదలుపెట్టండి

అమెరికా చట్టం ప్రకారం విద్యార్థికి 16 ఏళ్లు వచ్చేసరికి అతని వ్యక్తిగత విద్యా ప్రణాళికలో ట్రాన్సిషన్ ప్లాన్ కూడా ఒక భాగంగా ఉండి తీరాలి. అక్కడి కొన్ని రాష్ట్రాలు 14 ఏళ్లకే అడుగుతాయి. ఇంగ్లండ్‌లో 13–14 ఏళ్ల వయసు నుంచే వార్షిక సమీక్షల్లో పెద్దల జీవితం గురించి మాట్లాడాలి. అవసరమున్నవారికి అక్కడి మద్దతు ప్రణాళిక 25 ఏళ్ల దాకా కొనసాగవచ్చు. మీరుండే చోట చట్టం ఏమీ చెప్పకపోయినా 14 ఏళ్లు మంచి గీత. ఎందుకంటే ఒంటరిగా బస్సెక్కడం, తన మందులు తానే వేసుకోవడం, తనకేం కావాలో కొత్తవాళ్లకు చెప్పడం లాంటివి నేర్చుకోవడానికి కొందరికి ఏళ్లు పడుతుంది. ఆఖరి ఆరు నెలల్లో అవి రావు.

మొదటి రెండేళ్లూ రుచి చూసే కాలం: రకరకాల పనులు, చోట్లు, మనుషులు. తర్వాతి రెండేళ్లు నిజమైన పని అనుభవం, ఇంటి పనులు, ప్రయాణం. ఆఖరి ఏడాది కాగితాలకు, అప్పగింతలకు. ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లు ఈ వరుసను కుదించుకోవాలి. కానీ మొదటి భాగాన్ని దాటేయకూడదు. రుచి చూడని మనిషిని "నీకేం కావాలి?" అని అడిగితే తనకు తెలిసిన ఒకటి రెండింట్లోంచే చెబుతాడు.

2. ముందు విద్యార్థి మాట వినండి

చాలా ప్లాన్లలో విద్యార్థి సంతకం తప్ప విద్యార్థి కనిపించడు. అందుకే పరీక్షల కంటే ముందు సంభాషణ ఉండాలి. మాట్లాడగలిగినవాళ్లతో ఒకే రోజు కూర్చుని ముప్పై ప్రశ్నలు అడగకండి. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు చోట్ల కొంచెం కొంచెంగా అడగండి. ఏ రోజు బాగా గడిచింది, ఎందుకని? ఎవరితో ఉంటే హాయిగా ఉంటుంది? దేనికి విసుగొస్తుంది? బడి అయిపోయాక పొద్దున లేచి ఎక్కడికి వెళ్లాలని ఉంది? ఎవరితో కలిసి ఉండాలని ఉంది? నీ తరఫున వేరేవాళ్లు చేసేస్తున్న పనుల్లో నువ్వే చేసుకోవాలని ఉన్నది ఏది?

ఇక్కడ ఒక జాగ్రత్త. మేధో వైకల్యం ఉన్న పిల్లలు కొందరు ఎదుటివాళ్లను సంతోషపెట్టడానికి ప్రతిదానికీ "అవును" అంటారు. కొందరు చివర విన్న మాటనే తిరిగి చెబుతారు. కాబట్టి అవును–కాదు ప్రశ్నలు తగ్గించండి. రెండు ఫొటోలు ముందుపెట్టి ఎంచుకోమనండి. మర్నాడు వాటి వరుస మార్చి మళ్లీ అడగండి. రెండుసార్లూ ఒకటే ఎంచుకుంటే అది నమ్మదగిన జవాబు.

మాట రాని పిల్లల విషయంలో "అడగలేం కదా" అని తల్లిదండ్రుల అభిప్రాయాన్నే రాసేస్తుంటారు. ఇది పెద్ద అన్యాయం. బొమ్మల బోర్డు, ట్యాబ్‌లోని మాట్లాడే యాప్, సైగలు, చూపు ఏది వాడుతుంటే దానితోనే అడగాలి. అవేవీ లేకపోతే ముందు అలాంటిది ఒకటి ఏర్పాటు చేయడమే ఈ ప్లాన్‌లో మొదటి లక్ష్యం. అదయ్యేదాకా జాగ్రత్తగా గమనించండి: తనంతట తాను దేని వైపు వెళ్తున్నాడు, ఎంతసేపు ఉంటున్నాడు, దేన్ని చూసి మొహం తిప్పుకుంటున్నాడు, ఏ శబ్దానికి చెవులు మూసుకుంటున్నాడు. తోసెయ్యడం, లేచి వెళ్లిపోవడం కూడా జవాబులే. వాటిని ప్రవర్తన సమస్యల ఖాతాలో వేసేసి ఊరుకోకండి.

3. అంచనా: కాగితం మీద కొంత, పని జరిగే చోట ఎక్కువ

మూడు రంగాల్లో సమాచారం కావాలి: పై చదువు లేదా శిక్షణ, ఉద్యోగం, స్వతంత్ర జీవనం. వీటిలో ఏదీ ఐక్యూ అంకెతో తెలియదు. ఆ అంకె వైకల్య సర్టిఫికెట్‌కు పనికొస్తుందేమో గానీ, ఈ అమ్మాయి లైబ్రరీలో పని చేయగలదా అంటే చెప్పలేదు.

ప్రామాణిక సాధనాల్లో బాగా ఉపయోగపడేవి రోజువారీ నైపుణ్యాలను కొలిచేవి. వైన్‌ల్యాండ్ స్కేల్ అలాంటిదే. సంభాషణ, రోజువారీ పనులు, నలుగురితో మెలగడం వంటి వాటిలో మనిషి నిజంగా ఏం చేస్తున్నాడో అతన్ని బాగా తెలిసినవాళ్లను అడిగి నింపుతారు. చదవడం కష్టమైనవాళ్ల కోసం బొమ్మలతో ఉండే వృత్తి ఆసక్తి పట్టికలు కూడా ఉన్నాయి. వీటిని నిపుణుల చేత చేయించండి. ఒక రోజు పని అది. అసలు ఆధారం మాత్రం అనధికారిక అంచనాల్లోంచే వస్తుంది. వాటిని టీచరూ తల్లిదండ్రులూ కూడా చేయగలరు.

వాటిలో నేను అన్నిటికంటే ముందు పెట్టేది పనిని ముక్కలు చేసి చూడటం. బస్సు ప్రయాణం ఉదాహరణగా తీసుకుందాం. "ఒంటరిగా బస్సులో వెళ్లలేడు" అని ఫైల్లో ఒక్క వాక్యం ఉంటుంది. దాన్ని ఇలా విడదీయండి:

– టైముకు ఇంటి నుంచి బయల్దేరడం
– దారిలో రోడ్డు దాటడం
– స్టాపులో సరైన బస్సును గుర్తుపట్టడం
– ఎక్కి టికెట్ తీసుకోవడం లేదా పాస్ చూపించడం
– కూర్చోవడం, సీటు లేకపోతే పట్టుకుని నిలబడటం
– దిగాల్సిన స్టాపును గుర్తుపట్టి ముందుగా తలుపు దగ్గరికి రావడం
– దిగి గమ్యానికి నడవడం
– బస్సు దారి మారినా, ఆగిపోయినా ఎవరికో ఒకరికి చెప్పడం

ప్రతి ముక్క ఎదురుగా ఎంత సాయం అవసరమైందో రాయండి. తనంతట తానే చేశాడా, సైగ చాలిందా, నోటితో చెప్పాల్సి వచ్చిందా, చేసి చూపించాల్సి వచ్చిందా, చేయి పట్టి చేయించాల్సి వచ్చిందా. ఒక్కసారి చూసి తేల్చేయకండి. వేర్వేరు రోజుల్లో, రద్దీ ఉన్నప్పుడూ లేనప్పుడూ చూడండి. మరో నియమం: సాయం చేయడానికి ముందు కొన్ని క్షణాలు ఆగండి. మనం తొందరపడి చెప్పేయడం వల్ల పిల్లవాడికి రాదని రాసుకున్న పనులు ఎన్నో ఉంటాయి.

ఇప్పుడు ఆ పట్టిక చూడండి. ఎనిమిదిలో ఆరు తనే చేస్తున్నాడు అనుకుందాం. స్టాపు గుర్తుపట్టడం దగ్గర, దారి మారినప్పుడు చెప్పడం దగ్గర ఆగిపోతున్నాడు. అంటే ఈ అబ్బాయికి కావలసింది స్టాపు దగ్గరపడగానే వణికే ఫోన్ అలారం, జేబులో "నాకు సాయం కావాలి, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అనే కార్డు, దాన్ని చూపించే సాధన. ఫైల్లో "వెళ్లలేడు" అని ఉన్నచోట "ఈ రెండు సాయాలతో వెళ్తాడు" అని రాయగలం. అంచనా అంటే ఇంత దూరం రావాలి.

రెండోది, పని జరిగే చోటే గమనించడం. ఒకే విద్యార్థిని కొన్ని రోజులు ఆఫీసులో ఫైళ్ల దగ్గర, కొన్ని రోజులు మొక్కల నర్సరీలో, కొన్ని రోజులు స్టోర్‌రూమ్‌లో సరుకు సర్దే చోట పని చేయనివ్వండి. పని ఎంత బాగా చేశాడనేది ఒక్కటే చూడకండి. ఎంతసేపటికి అలిసిపోయాడు, శబ్దం, వెలుగు, వాసన ఎలా అనిపించాయి, తప్పు ఎత్తిచూపితే ఎలా తీసుకున్నాడు, విరామంలో ఎవరితో కూర్చున్నాడు, పని లేనప్పుడు ఏం చేశాడు అన్నవి రాసుకోండి. ఉద్యోగం నిలవకపోవడానికి చాలాసార్లు పని రాకపోవడం కారణం కాదు, ఇలాంటి సంగతులే.

మూడోది, ఒకే ప్రశ్నావళిని విద్యార్థి, ఇంటివాళ్లు, టీచరు లేదా పని చూసేవాళ్లు విడివిడిగా నింపడం. ముగ్గురి జవాబులూ కలిసినచోట పెద్దగా మాట్లాడాల్సింది లేదు. తేడా వచ్చినచోటే అసలు సమాచారం ఉంటుంది. బడిలో తన వస్తువులు తనే సర్దుకునే అమ్మాయి ఇంట్లో సర్దుకోదని తల్లి రాస్తే, ఇంట్లో ఆ అవకాశం ఎవరిస్తున్నారో అడగాలి.

వైకల్యాన్ని బట్టి చూడాల్సినవి మారతాయి. చూపు లేనివారికి తెల్లకర్రతో దారి తెలుసుకునే శిక్షణ, తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ మీద వేగం. వినికిడి లేనివారికి సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్‌ను అడిగి ఏర్పాటు చేయించుకోగలగడం. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు కష్టమయ్యే స్థితి) లేదా కండరాల జబ్బు ఉన్నవారికి అలసట, టాయిలెట్ అందుబాటు, వ్యక్తిగత సహాయకుడికి పని చెప్పగలగడం. ఆటిజం ఉన్నవారికి ఇంద్రియాల ఇబ్బందులు, ముందే చెప్పని మార్పులు. డిస్లెక్సియా (చదవడం, రాయడం కష్టమవడం) లాంటి అభ్యసన వైకల్యం ఉన్నవారిని మాత్రం ఈ ప్రణాళికలో తరచుగా మర్చిపోతారు. పైకి ఏ ఇబ్బందీ కనబడదు కాబట్టి ఎలాగోలా నెట్టుకొస్తారని అనుకుంటారు. బడిలో టీచరే గుర్తుపెట్టుకుని ఇచ్చిన అదనపు సమయం, స్క్రైబ్ (పరీక్షలో చెప్పింది రాసిపెట్టే మనిషి) వంటివి కాలేజీలో తను అడిగితే తప్ప రావు. "నాకు ఈ ఇబ్బంది ఉంది, దానికి ఈ ఏర్పాటు కావాలి" అని రెండు వాక్యాల్లో చెప్పగలగడం వాళ్లకు కచ్చితంగా నేర్పాల్సిన విషయం.

4. లక్ష్యాలను కొలవగలిగేలా రాయండి

"సంభాషణా నైపుణ్యాలు మెరుగుపరచుట", "స్వావలంబన పెంపొందించుట". ఇలాంటి వాక్యాలు ఎన్నో ఫైళ్లలో చూస్తాం. ఏడాది తర్వాత అయిందో లేదో ఎవరూ చెప్పలేరు. ముందు బడి తర్వాతి లక్ష్యం రాయండి: "బడి అయ్యాక తోటపనిలో ఒక కోర్సు చేసి, నర్సరీలో జీతం వచ్చే పనిలో వారానికి కనీసం మూడు రోజులు పని చేస్తుంది." తర్వాత అక్కడి నుంచి వెనక్కి రండి. దానికి ఈ ఏడాది ఏం రావాలి? "బొమ్మల చెక్‌లిస్టు చూసుకుంటూ, నోటితో ఎవరూ చెప్పకుండా, ఒక వరుస మొక్కలకు నీళ్లు పెట్టడం పూర్తి చేస్తుంది. వరుసగా ఐదు రోజులు." ఎవరు నేర్పుతారు, ఎక్కడ, ఎప్పటికి అన్నవి పక్కనే రాయండి. పేరు లేని పని ఎవరి పనీ కాదు.

విద్యార్థి చెప్పిన కల పెద్దదిగా కనిపిస్తే కొట్టివేయకండి. పైలట్ అవుతానన్న అబ్బాయిని విమానాల్లో ఏం నచ్చిందో అడగండి. యంత్రాలా, యూనిఫామా, ప్రయాణమా, విమానాశ్రయంలోని హడావిడా? ఆ జవాబులోంచి నిజంగా ప్రయత్నించగల పనులు చాలా బయటికొస్తాయి.

5. జీతం వచ్చే పని బడిలో ఉండగానే

ఈ రంగంలో పరిశోధనలు మళ్లీ మళ్లీ చెబుతున్న విషయం ఒకటుంది. బడిలో ఉండగానే జీతంతో పనిచేసిన అనుభవం ఉన్న విద్యార్థులకు తర్వాత ఉద్యోగం దొరికే అవకాశం ఎక్కువ. అమెరికాలోని సిన్సినాటి పిల్లల ఆసుపత్రిలో 1996లో మొదలైన ప్రాజెక్ట్ సెర్చ్ దీన్నే పద్ధతిగా మార్చింది. ఆఖరి ఏడాది విద్యార్థులు బడికి వెళ్లే బదులు ఒక పెద్ద సంస్థలో గడుపుతూ, ఏడాదిలో వేర్వేరు విభాగాల్లో ఇంటర్న్‌షిప్‌లు చేస్తారు. టీచరూ, పక్కనుండి పని నేర్పే జాబ్ కోచ్‌లూ అక్కడే ఉంటారు. ఆ పద్ధతి తర్వాత చాలా దేశాలకు వెళ్లింది.

పాత ఆలోచన ప్రకారం ముందు శిక్షణ కేంద్రంలో ఏళ్ల తరబడి నేర్పి, తర్వాత ఉద్యోగంలో పెట్టాలి. మేధో వైకల్యం ఉన్న చాలామందికి ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట వాడటమే కష్టం. కాబట్టి ఉద్యోగంలో చేర్చి అక్కడే నేర్పడం మేలు. దీన్నే సపోర్టెడ్ ఎంప్లాయ్‌మెంట్ అంటారు. జాబ్ కోచ్ మొదట పక్కనే ఉంటాడు. పని పట్టుబడేకొద్దీ దూరం జరుగుతాడు. ఆ దూరం జరగడాన్ని కూడా ప్లాన్‌లో రాయాలి, తోటి ఉద్యోగుల్లో ఎవరు ఆ జాగాలోకి వస్తారో చూడాలి. లేకపోతే కోచ్ వెళ్లిపోయిన రోజే ఉద్యోగమూ పోతుంది.

వైకల్యం ఉన్నవారిని మాత్రమే కూర్చోబెట్టి నామమాత్రపు డబ్బుకు పని చేయించే కేంద్రాల విషయంలో జాగ్రత్త. అందరితో కలిసి పనిచేసే హక్కును వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒడంబడికలోని 27వ అధికరణం ఇస్తోంది. ఆ ఒడంబడిక కమిటీ 2022లో ఇచ్చిన వివరణలో ఇలాంటి వేరు కేంద్రాలను తొలగించాలని చెప్పింది. వేరే దారి లేక అక్కడ చేర్చాల్సి వస్తే, బయటి ఉద్యోగానికి వెళ్లే తేదీని ముందే అడిగి రాయించుకోండి.

6. ఆరోగ్యం, శరీరం, భద్రత

ఫిట్స్, గుండె, వెన్నెముక సమస్యలున్న పిల్లలు పిల్లల డాక్టరు నుంచి పెద్దల డాక్టరుకు మారే సమయంలో వైద్యం మధ్యలో తెగిపోయే ప్రమాదం ఉంది. ఒక పేజీ ఆరోగ్య సారాంశం తయారుచేయండి: జబ్బు పేర్లు, మందులు, మోతాదులు, అలర్జీలు, అత్యవసరంలో ఏం చేయాలి, ఈ మనిషితో ఎలా మాట్లాడాలి. డాక్టరు దగ్గర కొంతసేపైనా విద్యార్థి ఒంటరిగా మాట్లాడటం ముందునుంచే అలవాటు చేయండి.

శరీరం, స్నేహం, ప్రేమ, లైంగికత గురించి చెప్పడానికి పెద్దలు ఇబ్బంది పడతారు. చెప్పకపోతే వచ్చే ప్రమాదం చాలా ఎక్కువ. వైకల్యం ఉన్న పిల్లలపై వేధింపులు మిగతా పిల్లల కంటే ఎక్కువగా జరుగుతాయి. శరీర భాగాల అసలు పేర్లు, ఎవరు ఎక్కడ ముట్టుకోవచ్చు, వద్దని ఎలా చెప్పాలి, జరిగితే ఎవరికి చెప్పాలి అన్నవి బొమ్మలతో, స్పష్టమైన మాటలతో నేర్పండి. "పెద్దలు చెప్పింది వినాలి" అని మాత్రమే నేర్చుకున్న పిల్లవాడు వద్దనడం ఎలా నేర్చుకుంటాడు?

7. పద్దెనిమిది ఏళ్లకు ముందే నిర్ణయాల సంగతి తేల్చుకోండి

చాలా దేశాల్లో 18 ఏళ్లు నిండగానే చట్టం దృష్టిలో పెద్దవారే. తల్లిదండ్రుల సంతకం ఇక చెల్లకపోవచ్చు. ఈ భయంతో చాలామంది నేరుగా పూర్తి సంరక్షకత్వానికి దరఖాస్తు చేస్తారు. అది ఒక మనిషి నుంచి డబ్బు, వైద్యం, నివాసం వంటి నిర్ణయాలను తీసేసుకోవడం. ఒకసారి ఇచ్చాక వెనక్కి తెచ్చుకోవడం కష్టం. ఐక్యరాజ్యసమితి ఒడంబడికలోని 12వ అధికరణం అందరికీ చట్టం ముందు సమాన గుర్తింపు ఉందని, నిర్ణయం తీసుకోవడానికి మద్దతు ఇవ్వాలని చెబుతుంది. భారతదేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం పరిమిత సంరక్షకత్వం గురించి చెబుతూ, దాన్ని సంరక్షకుడూ ఆ వ్యక్తీ పరస్పర నమ్మకంతో కలిసి నిర్ణయించే పద్ధతిగా వివరిస్తుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారి కోసం 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద స్థానిక కమిటీ ద్వారా సంరక్షకులను నియమించే వీలుంది.

ఏ దేశంలోనైనా ముందు ఒక కాగితం మీద నిర్ణయాల జాబితా రాయండి: బ్యాంకు, డాక్టరు, ఫోన్, స్నేహాలు, ఓటు, నివాసం. ఒక్కొక్కదాని ఎదురుగా తనే తీసుకుంటాడా, ఎవరైనా వివరిస్తే తీసుకుంటాడా, ఇద్దరూ కలిసి తీసుకుంటారా, వేరొకరు తీసుకోక తప్పదా అని గుర్తించండి. చివరి గడిలో ఎన్ని తక్కువ ఉంటే అంత తేలికైన ఏర్పాటు చాలు. ఉమ్మడి ఖాతా, సమాచారం చూసేందుకు అనుమతి పత్రం వంటివే చాలావరకు సరిపోతాయి. దేనికైనా లాయరుతో మాట్లాడాకే సంతకం పెట్టండి.

"మేం పోయాక ఎవరు చూస్తారు?" అన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది. దాన్ని దాచుకోకుండా మీటింగ్‌లోనే అడగండి. తోబుట్టువు చూసుకుంటుందని అనుకుని ఊరుకోవద్దు. ఆ అమ్మాయినే కూర్చోబెట్టి ఏం చేయగలదో, ఏం చేయలేదో చెప్పనివ్వండి. ఒక్కరి మీద కాకుండా బంధువు, పాత టీచరు, స్నేహితుడు, పక్కింటివారు కలిసిన చిన్న బృందంగా బాధ్యత ఉంటే, ఒకరు తప్పుకున్నా మిగతావాళ్లుంటారు.

8. మీటింగ్‌ను విద్యార్థే నడిపించాలి

విద్యార్థి గదిలో ఉండి, తన గురించే "అతను" అని మాట్లాడుకునే మీటింగ్ వద్దు. ముందే సాధన చేయించండి. ఎంత వీలైతే అంత. ఒకరు స్లైడ్లు చూపిస్తారు, ఒకరు తమ వీడియో పెడతారు, ఒకరు అందరినీ పలకరించి ఎవరెక్కడ కూర్చోవాలో చూపిస్తారు. గోడ మీద పెద్ద కాగితం పెట్టి, చివర్న కలను ముందుగా గీసి, అక్కడి నుంచి వెనక్కి ఏడాది తర్వాత ఎలా ఉండాలి, ఆరు నెలలకు ఏంటి, రేపు ఏంటి అని రాసుకొచ్చే పద్ధతిని పాత్ (PATH) అంటారు. అది ఈ పనికి చక్కగా సరిపోతుంది. చదవలేనివారికి బొమ్మలున్న ఆ కాగితమే ప్లాన్.

9. అప్పగింత, మొదటి ఏడాది

బడి వదిలేనాటికి విద్యార్థి చేతిలో ఒక ఫోల్డర్ ఉండాలి. అందులో తన గురించి ఒక పేజీ (నాకేం ఇష్టం, నాతో ఎలా మాట్లాడాలి, ఏ సాయం కావాలి), పని చేస్తున్న చిన్న వీడియో, ఆరోగ్య సారాంశం, తాజా అంచనాలు, వైకల్య ధ్రువపత్రం, గుర్తింపు కార్డులు, పని చేసిన చోటి నుంచి ఒక ఉత్తరం ఉండాలి. ధ్రువపత్రాల గడువు తేదీలు విడిగా రాసిపెట్టండి.

కొత్త చోటి మనిషిని బడి ముగియకముందే ఒకసారి పిలిపించి పరిచయం చేయండి. కాగితం చేతులు మారినంత మాత్రాన మనిషి గురించి తెలిసిపోదు. బడి వదిలిన నెలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి ఎవరు ఫోన్ చేసి కనుక్కుంటారో పేరుతో సహా ప్లాన్‌లో రాయండి. ఆ ఫోన్‌లో అడగాల్సినవి ఇవి: వెళ్లిన చోట ఇంకా ఉన్నాడా? రావలసిన జీతం, రావలసిన సాయం అందుతున్నాయా? వారంలో ఇల్లు కాకుండా ఎన్ని చోట్లకు వెళ్తున్నాడు? ఎవరైనా స్నేహితులున్నారా? ఏదైనా వదిలేయాలనుకుంటున్నాడా? చివరి ప్రశ్నకు అవునంటే ప్లాన్ మార్చండి. నచ్చని పని వదిలి ఇంకోటి వెతుక్కోవడం వైకల్యం లేని యువకులంతా చేసేదే. అదే వీలు ఇతనికీ ఉండాలి. ఆ మార్పు ఎవరితో మాట్లాడి చేసుకోవాలో మీరు రాసిన ఫోల్డర్ మొదటి పేజీలోనే ఒక ఫోన్ నంబరుగా ఉండాలి.